చంపితేనే లోపలికి

ఆనంద నమోదు 1. అడుగు గోడలు గీకే రోజు.

'ఈ రోజు ఆటలో మీరెంత ఆనందించారో ఈ పెట్టెలో రాయండి' అంటోంది తెర. రాస్తాను. రాయకపోతే రేపు మా వాటా మంచినీళ్ళు ఆలస్యమవుతాయి కాబట్టి రాస్తాను. దీన్ని మనిషన్నవాడెవడూ చదవడని నాకు రూఢిగా తెలుసు. కిందటి కాలంలో పాలకవర్గాన్ని పుటలకు పుటలు దులిపేస్తే, మా తలుపుకి నవ్వుతున్న చిలక బొమ్మొకటి అంటించి 'మహదానంద సభ్యురాలు' అని రాసి వెళ్ళారు. యంత్రం చూసేది నిడివినే. ఎంత పొడుగ్గా రాస్తే అంత ఆనందం. ఆ లెక్కన ఈ సాగరవాడ మొత్తంలో నా అంత సంతోషవంతురాలు లేదు. యాభై దాటిన నీలవేణి, ఒకప్పుడు సంఘం కరపత్రాలు రాసినావిడ, ఇవాళ ఆనందానికి ఆదర్శం.

పోటు తగ్గగానే అందరం కిందికి దిగి గోడలకి పట్టిన నాచు గీకాం. సముద్రం ఊళ్ళోకి వచ్చేశాక కట్టిన మేడ మాది. పోటు వేళ అడుగంతస్తు కిటికీలు నీళ్ళలో ఉంటాయి. గోడలు లోపలివైపు చెమరుస్తాయి. అక్కడ కాపురమున్నవాళ్ళు మాటకి ముందు దగ్గుతారు. మా పక్క వాటా రెహానా గీకుడు రేకు పట్టుకుని మెట్ల మీదే నిలబడిపోయింది. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపింది. వాళ్ళ పిల్ల సనాకి పిల్లికూతల ఆయాసం పట్టుకున్నది ఆ గదుల్లోనే. ఒక వర్షాకాలం అక్కడ ఉన్నారు, అంతే. పైకి వచ్చాక కూత తగ్గింది గానీ పోలేదు.

ఎందుకున్నారు? ఆటలో ఓడిపోయారు కాబట్టి.

అవును, ఆటలో. పూర్వం ఎవరు ఏ అంతస్తులో ఉండాలో సభ పెట్టి తేల్చుకునేవాళ్ళం. అరుచుకునేవాళ్ళం, కాదనను. కుర్చీలు లేచేవి, అదీ కాదనను, ఒకటి నేనే లేపాను. సభల్లో మనసులు గాయపడుతున్నాయనీ, ఆటల్లో మనసులు కలుస్తాయనీ పాలకవర్గం కనిపెట్టి, సభలు రద్దు చేసి, 'సందడి' అనే ఆటల యంత్రాన్ని పై అంతస్తులో దింపింది. కాలానికొక బల్లాట. బల్లకి నాలుగు సంసారాలు. కళ్ళకి బొమ్మలు చూపే గంతలు తగిలించుకుని కూర్చుంటే మన అమ్మమ్మల అరుగు కనబడుతుంది, అరుగు మీద గీసిన గళ్ళు కనబడతాయి, సందడి మావ అని ఒక మీసాల బొమ్మ వచ్చి వరసలు కలుపుతుంది. అందరికన్నా వెనకబడ్డ సంసారం కిందికి. కింద ఉన్న ఒక సంసారం దాని చోటులోకి. ఇందులో అన్యాయమేముందీ, అదృష్టం కదా అంటారు. కిందటి కాలం వైకుంఠపాళి వేశారు. పాము మింగిన సంసారం పెట్టే బేడా మోసుకుని దిగుతుంటే పైనుంచి రంగు కాగితాలు రాలాయి. ఆ కాగితాలు ఊడ్చింది నేను.

ఈ కాలం అష్టాచెమ్మా.

మా బల్లకి మేమూ, రెహానా, కరెంటు స్తంభాలెక్కి రిటైరైన సన్యాసినాయుడు, చరిత్ర లెక్చరరుగా చేసిన భుజంగరావుగారూ పడ్డాం. పేర్లు చదవగానే రెహానా నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, నాకు గవ్వలు పడవు. ఎప్పుడూ ఒకటో రెండో" అంది.

ఆనంద నమోదు 2. వడపోత గుడ్డలు ఉతికే రోజు.

ఇవాళ నా బుర్రలో ఒక దీపం వెలిగింది. దాన్ని వెలిగించింది 'సందడి' వాళ్ళ గొప్పలే.

అచ్చంగా మన అమ్మమ్మల నియమాలే పెట్టామని గోడలన్నిటి మీదా రాసుకున్నారు. సరే, మా అమ్మమ్మ నియమాలు నాకు తెలియవా? కాయ బయటి వరస చుట్టి, లోపలి వరస చుట్టి, నడిగడి చేరితే పండినట్టు. అయితే ఎదుటివాడి కాయ ఒక్కటైనా చంపనిదే మన కాయలకు లోపలి వరసలోకి దారి లేదు. చంపేదాకా బయటే తిరగాలి. చిన్నప్పుడు ఎవర్నీ చంపడం చేతకాక తిరిగి తిరిగి ఏడ్చిన పిల్లల్లో నేనూ ఒకతెని. ఎంత చక్కటి నియమమో చూడండి. ఒకడి కొంప కూల్చినవాడికే ఇంటి దారి. దీన్ని మన అరుగుల మీద ఆడపిల్లలకు నేర్పాం, సంస్కృతి అన్నాం, ఇప్పుడు మేడలు పంచడానికి వాడుతున్నాం. దీని మీద విడిగా ఒక వ్యాసం రాయాలి.

వ్యాసం తరవాత. సముద్రపు నీళ్ళు తియ్యగా చేసే యంత్రం గుడ్డలు ఉతుకుతూ ముగ్గురికీ చెప్పాను.

"ఎవరూ ఎవర్నీ చంపొద్దు. చంపకపోతే ఎవరూ లోపలికి పోలేరు. పోకపోతే ఎవరి కాయా పండదు. పండకపోతే ఆట ముగియదు. కాలం మారేదాకా ముగియని ఆటకి ఎక్కడివాళ్ళు అక్కడే అని నియమం ఉంది. రెహానా కిందికి పోనక్కర్లేదు."

సన్యాసినాయుడు గుడ్డ పిండుతూ నవ్వాడు. "లీడరమ్మా, నీకు సమ్మె సెయ్యడానికి గవ్వలు కూడా దొరికీసినాయేటి."

"నువ్వు చేస్తావా చెయ్యవా?"

"సేత్తాను. నాకు పండిందేటుంది, పండనిదేటుంది. నా మోకాళ్ళు పైకెక్కవు, కిందికి దిగవు."

భుజంగరావుగారు మాత్రం దీన్ని అహింస అనాలా, ఐక్య సంఘటన అనాలా తేలితేగాని ఒప్పుకోనన్నారు. గుడ్డలన్నీ ఆరిపోయేదాకా వాదించాం. నేను నెగ్గాను. ఆయన కూడా తానే నెగ్గానని అనుకుంటున్నారు. పోనివ్వండి.

రెహానా ఒక్కటే అడిగింది. "అందరూ మాట మీద ఉంటారా, అక్కా?"

నేను నవ్వాను. ఎవరి మాట అనుకుంది?

ఆనంద నమోదు 3. చేపలు తిరగేసే రోజు.

ఒప్పందం నడుస్తోంది. నాలుగు సంసారాల కాయలు అరుగు చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నాయి. ఎవరి కాయైనా దెబ్బకి అందుబాటులో ఉంటే దాన్ని వదిలి ఇంకోదాన్ని జరుపుతాం. కాటా వేసిన గళ్ళలో ఎవర్నీ చంపకూడదు గనక వీలైనంతవరకూ అక్కడే గుంపుగా కూర్చుంటాం. పెళ్ళివారి విడిదిలా ఉంది.

సందడి మావకి ఇది నచ్చలేదు. పొద్దున డాబా మీద ఎండుచేపలు తిరగేసి వచ్చిన చేతులతో గవ్వలు విసురుతుంటే మీసం తిప్పుకుంటూ వచ్చాడు.

"ఏం వదినా, కాయ ఎదురుగా ఉంది, కొట్టవేం? అలిగావా?"

"ఆవిడ నా చెల్లెలు, బాబూ."

"చెల్లెల్ని కొడితేనే కదా వదినా సరదా" అని పకపక నవ్వింది ఆ బొమ్మ. ఈ మాట దానికి నేర్పినవాడెవడో నాకు కావాలి. వాడితో నేను మాట్లాడాలి.

మా బల్ల మీద ఒక కుండ వేలాడుతూ ఉంటుంది. నవ్వులు, కేకలు, చంపుళ్ళు జరిగినకొద్దీ నిండుతుంది. మాది అడుగంటింది. ఇవాళ హెచ్చరిక వచ్చింది: 'మీ బల్ల నీరసంగా ఉంది. కుండ ఎండితే, మీలో అందరికన్నా తక్కువ నవ్విన సంసారం బదులు యంత్రం ఆడుతుంది.' అందరికన్నా తక్కువ నవ్వేది ఎవరో వేరే చెప్పాలా? పిల్ల రొమ్ములో కూత వింటూ కూర్చునే తల్లి ఏం నవ్వుతుంది? యంత్రానికి చెల్లెళ్ళుండరు. అది చంపుతుంది, లోపలికి పోతుంది, పండిస్తుంది, ఆట ముగిస్తుంది.

కుండ కోసం నవ్వాలని తీర్మానించుకున్నాం. సన్యాసినాయుడు జోకులు చెప్పాడు. భుజంగరావుగారు ఒక నవ్వు నవ్వారు, దానికి సనా భయపడిందట.

ఆనంద నమోదు 4. తొట్టెలు కడిగే రోజు.

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

ఇవాళ పక్క బల్లలవాళ్ళు తొట్టెల దగ్గర పోగయ్యారు. మా సంగతి చెవినబడి, ఏమిటిదని అడిగారు. నన్ను ఎవరైనా ఏమిటిదని అడిగి చాలా ఏళ్ళయింది. తొట్టె గట్టెక్కి చెప్పాను. ఎదుటివాణ్ణి చంపనిదే ఇల్లు దొరకదన్నది ప్రకృతి నియమం కాదనీ, ఎవడో గీసిన గళ్ళేననీ, గళ్ళు గీసింది చెయ్యే గనక చెరిపేదీ చెయ్యేననీ చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆట వేళయిందని తెలుసు. సంసారంలో ఎవరైనా బదులు కూర్చోవచ్చు గనక మా ఆయన్ని కూర్చోమని కబురంపాను.

మా ఆయన జోగారావు. మంచివాడు. ముప్ఫయ్యేళ్ళుగా నా ఉపన్యాసాలన్నీ విన్నాడు. వినడమంటే అదే గదిలో ఉండటమని ఆయన ఉద్దేశమని ఇవాళ తెలిసింది.

నేను మెట్లెక్కి వచ్చేసరికి మా బల్ల మీద రంగు కాగితాలు రాలుతున్నాయి. కుండ పొంగిపోతోంది. జోగారావు గంతలు నుదుటి మీదికి తోసుకుని, పదేళ్ళ పిల్లవాడిలా వెలిగిపోతున్నాడు.

"చెమ్మా పడిందే" అన్నాడు. "సరిగ్గా నాలుగో గడిలో కాయ. కొట్టేశాను."

"ఎవరిది?"

"పచ్చది."

పచ్చది రెహానాది.

"మనం ఒప్పందం చేసుకున్నామని చెప్పలేదూ?"

"చెప్పావు. రోజూ ఏదో ఒకటి చెప్తావు. చెమ్మా పడితే కొట్టక ఏం చెయ్యమంటావు, ఊరబెట్టుకోమంటావా?"

"ఆ కాయ వెనక ఒక పిల్ల ఊపిరి ఉందండీ."

ఆయన మొహంలో వెలుగు ఆరిపోయింది. "అలా ముందే చెప్పొచ్చుగా. నువ్వు దోపిడీ అన్నావు, వ్యవస్థ అన్నావు. సనా అని అనలేదు."

నిజమే, అనలేదు. దీన్ని కూడా ఆనందం కిందే కొలుచుకో యంత్రమా.

ఇక అసలు చిక్కు. ఒకసారి చంపిన సంసారం కాయలు మళ్ళీ బయట తిరగవు. దారి దానంతటదే లోపలికి మళ్ళుతుంది. అంటే ఇకమీదట నేను విసిరే ప్రతి గవ్వా నన్ను పండుకి దగ్గర చేస్తుంది. నా కాయలన్నీ పండిన క్షణాన ఆట ముగుస్తుంది, అందరికన్నా వెనకున్నవాళ్ళు దిగిపోవాలి. అందరికన్నా వెనకున్నది, మా ఆయన చేతిలో కాయ పోగొట్టుకున్న రెహానా. విసరకుండా కూర్చుందామంటే నా బదులు యంత్రం విసురుతుంది.

రెహానా తలుపు తట్టాను. తీసింది. లోపల సనా కూత వినిపిస్తోంది. "పోనీలే అక్కా" అంది. ఆ మాట అనకుండా తిట్టి ఉంటే బాగుండేది.

ఆనంద నమోదు 5. ఉప్పు ఎత్తే రోజు.

ఉప్పు బుట్టలకెత్తుతూ ముగ్గురి ముందూ తల వంచాను. భుజంగరావుగారు ఇది వ్యక్తి తప్పిదమా, నిర్మాణ లోపమా అని మొదలుపెట్టారు. సన్యాసినాయుడు బుట్ట ఆయన చేతిలో పెట్టి, "ముందు ఇది మొయ్యండి బాబూ" అన్నాడు. తరవాత నావైపు తిరిగాడు.

"లీడరమ్మా, నీ కాయలు పండకూడదు, అంతేనా?"

"అంతే."

"సచ్చిన కాయ పండుతాదేటి?"

పండదు. చచ్చిన కాయ మొదటి గడికి వెళ్ళి మళ్ళీ నడక మొదలుపెట్టాలి. అందరం ఒకేసారి ఉప్పు చేతులతో నిలబడిపోయాం. మేము ఇన్నాళ్ళూ ఎవరూ చావకుండా చూస్తున్నాం. అందరూ చస్తూ ఉంటే మాత్రం ఆట ఎలా ముగుస్తుంది?

"రెహానా, నన్ను చంపు" అన్నాను.

సాయంత్రం నా కాయల్ని కాటా గళ్ళలోంచి ఈడ్చి, ఒక్కొక్కదాన్నీ ఆమె కాయల ముందు నిలబెట్టాను. ఆమెకి అలవాటు ప్రకారం రెండు పడింది. సరిగ్గా రెండో గడిలో ఉన్నాను. చెయ్యి ఆగింది. "కొట్టమ్మా" అన్నాను. కొట్టింది. నా కాయ గాల్లో గిరికీలు కొట్టి అరుగు అవతల పడింది. రెహానా నోట్లోంచి ఏదో వచ్చింది. నవ్వని గుర్తుపట్టడానికి మాకు కొంచెం సేపు పట్టింది.

తరవాత ఆపలేకపోయాం. సన్యాసినాయుడు భుజంగరావుగార్ని చంపాడు. భుజంగరావుగారు నన్ను చంపి, సిద్ధాంత విభేదాలేమీ లేవని ప్రకటించారు. నడిగడికి ఒక్క అడుగు దూరంలో ఎవరి కాయ కనబడినా, ఎవరికి వీలైతే వాళ్ళు దాన్ని కొట్టి పుణ్యం కట్టుకుంటున్నారు. ఇంటికి పోకుండా ఒకరినొకరు కాపాడుకుంటున్నాం.

కుండ నిండి పగిలింది. బంగారు కుండ ఇచ్చారు.

ఆనంద నమోదు 6. పరుపులు ఎండబెట్టే రోజు.

మా బల్ల మేడంతటికీ ప్రసిద్ధి. 'రక్తపు అరుగు' అని పేరు పెట్టారు. మిగతా మేడలవాళ్ళు కూడా తమ తెరల మీద మమ్మల్నే చూస్తున్నారట. ఇంత కసిగా పోటీపడే సంసారాలను తన జన్మలో చూడలేదని సందడి మావ గద్గదమయ్యాడు. ఆయన పుట్టిందే కిందటి వేసవిలో. చూసేవాళ్ళు ఎప్పుడు పడితే అప్పుడు అడుగుతున్నారని, రేపటినుంచి మా బల్లని పగలూ రాత్రీ నడపాలన్నారు. సంసారానికి ఎంతమందినైనా, బయటివాళ్ళనైనా సరే, బదులు కూర్చోబెట్టుకోవచ్చట. నాకు గర్వంగా ఉంది. కాదని ఎందుకు అబద్ధమాడాలి?

ఆ గర్వంతోనే డాబా మీద పరుపు దులుపుతున్నాను. అడుగంతస్తు నుంచి పైడితల్లి వచ్చింది. మా బల్ల తేలితే పైకి రావలసిన సంసారం వాళ్ళది. మొగుడూ, ఇద్దరు పిల్లలూ, అత్తా. నెత్తి మీది పరుపు దింపి పిండితే నీళ్ళు కారాయి.

"నువ్వేనా అమ్మా, ఆట అవనీకుండా ఆపుతున్నదానివి?" అంది.

"ఆపుతున్నది నేనొక్కదాన్నే కాదు. మేం నలుగురం ఒక్కమాట మీద..."

"అవునవును, మీరు నలుగురూ ఒక్కటే. బాగుంది. సూసీవోళ్ళకి కూడా బాగుంది." పరుపు తిరగేసింది. "మరి మేమేటి, సేపలమా? మీ ఆట అవితేగాని మా అత్త ఎండ మొకం సూడదు. మీరు సంపుకుంటే మీకు నవ్వొత్తంది. కింద మాకు దగ్గొత్తంది."

"ఆట ముగిస్తే రెహానా కూతురు కిందికి పోవాలి, పైడితల్లీ."

"పాపం, ఆ పిల్ల మంచిది. నా పిల్లలు సెడ్డోళ్ళా?"

నేను మామూలుగా ఇలాంటి చోట వ్యవస్థ గురించి చెబుతాను. జోగారావు పక్కనే తాడు కడుతున్నాడు, నావైపు చూశాడు. చెప్పలేదు. నా ఐకమత్యం నాలుగు గుమ్మాల దగ్గర ఆగిపోయింది. ఐదో గుమ్మం నీళ్ళలో ఉంది గనక కనబడలేదు.

పరుపులు రెండూ పక్కపక్కన ఆరేశాం. ఆమెది ఆరలేదు.

ఆనంద నమోదు 7. ఆటగది తుడిచే రోజు.

ఈ మేడలో అన్నిటికన్నా పెద్ద గది, పొడిగది, చల్లగది ఏది? పై అంతస్తులో ఆటగది. యంత్రాలకి ఉక్క పోయకూడదని చల్లగాలి పెట్టారు. మనుషులకి అడుగంతస్తు, యంత్రాలకి ఆకాశం. ఇన్నాళ్ళూ ఆ గది తుడుస్తూ తిట్టుకున్నానేగాని, గుమ్మం మీద ఏం రాసుందో చదవలేదు. ఇవాళ చీపురుతో నిలబడి చదివాను. 'ఆట నడుస్తుండగా ఆటగాళ్ళను ఎవరూ లేపరాదు.'

పొద్దెక్కకముందే పైడితల్లి సంసారాన్ని మా సంసారం తరఫు బదులు ఆటగాళ్ళుగా రాయించాను. రెహానా, నాయుడు, భుజంగరావుగారు కింద నుంచి తలొక సంసారాన్ని రాయించారు. ఆట పగలూ రాత్రీ గనక ఆటగాళ్ళు పగలూ రాత్రీ అక్కడే ఉండాలి. ఉండాలంటే పడుకోవాలి, వండుకోవాలి. పైడితల్లి అత్త, చల్లగాలి యంత్రం ముందు మంచం వేయించుకుని, గంతలు తలకిందులుగా పెట్టుకుని, "ఏదమ్మా సముద్రం, అవుపడదే" అంటోంది.

మధ్యాహ్నం నివాసాల అధికారి వచ్చాడు. చేతిలో పలక, మెడలో బిళ్ళ.

"ఇక్కడ కాపురాలు పెట్టడానికి వీల్లేదు. ఖాళీ చెయ్యండి."

నేను ఉపన్యాసానికి ఊపిరి తీసుకున్నాను. నాకన్నా ముందు గది నాలుగు మూలల నుంచీ సందడి మావ గొంతు మోగింది.

"ఉష్. ఆట నడుస్తోంది, అల్లుడూ."

"ఇది పాలకవర్గం ఉత్తరువు."

"అల్లుడు అలిగాడు. ఇతనికి ఒక పాట పాడదామా?" అంది బొమ్మ, మేళం మొదలెట్టింది. చూస్తున్న మేడలన్నిటిలోనూ జనం నవ్వారట. పాట అయ్యేదాకా అధికారి నిలబడాల్సి వచ్చింది, ఎందుకంటే గదిలోకి వచ్చినవాళ్ళు పాట మధ్యలో వెళ్ళకూడదు. అదీ వాళ్ళ నియమమే. పాట కాగానే మమ్మల్ని లేపకుండానే దిగిపోయాడు.

ఆనంద నమోదు 8. కాలం మారిన రోజు.

వర్షాలు దిగాయి. ముగియని ఆట గనక ఎక్కడివాళ్ళు అక్కడే. రెహానా వాటా రెహానాది. సనాకి ఇంకా కూత ఉంది, కానీ మెట్లెక్కి ఆటగదిలోకి పరిగెత్తుకొచ్చి పైడితల్లి పిల్లలతో అసలు గవ్వలతో ఆడుతోంది. మా ఆట ఆపితే జనం ఊరుకోరని వచ్చే కాలానికి కూడా పొడిగించారు. పక్క బల్లలవాళ్ళు కిటుకు అడిగి తెలుసుకున్నారు. ఇప్పుడు గదిలో ప్రతి బల్ల మీదా భయంకరమైన యుద్ధం, ప్రతి బల్ల కిందా చుట్టిన పరుపు. అడుగంతస్తులో సగానికి పైగా తలుపులు తెరిచి ఉన్నాయి, లోపల ఎవరూ లేరు.

నేను మోసపోను. యంత్రం మా పక్షం కాదు. రేపు జనానికి విసుగెత్తితే ఈ మంచాలు బయట పడతాయి. చల్లగాలి దయ మీద బతకడాన్ని హక్కు అనరు. అందుకే ఇవాళ బల్ల చుట్టూ అందరూ ఉండగా, గవ్వలు కలుపుతూ మామూలు గొంతుతో చెప్పాను.

"అడుగంతస్తులో మనుషుల్ని పెట్టడమే మానెయ్యాలి. దాన్ని మూసెయ్యాలి. ఇది నా ప్రతిపాదన."

భుజంగరావుగారి చెయ్యి ఆగింది. "నీలవేణిగారూ, ఇది సభా?"

"ఆటండీ. ఒప్పుకున్నవాళ్ళు నా కాయ కొట్టండి. ఒప్పుకోనివాళ్ళు వదిలెయ్యండి."

నా కాయలు నాలుగింటినీ కాటా గళ్ళ బయట నిలబెట్టాను. రెహానాకి మళ్ళీ రెండు పడింది. కొట్టింది. నాయుడికి చెమ్మా పడింది. కొట్టాడు. భుజంగరావుగారు ఒక సవరణ చెప్పారు, మూసిన గదుల్లో చేపలు పెంచాలని. సవరణకి ఎదురు లేదన్నాక ఆయనా కొట్టారు. సందడి మావ ఆనందం పట్టలేక చిందులు వేశాడు. సభలు రద్దయ్యాక ఈ మేడలో జరిగిన మొదటి సభకి బంగారు కుండ వచ్చింది.

ఒక్క కాయ మిగిలింది. నా సంసారం తరఫున ఆడవలసిన పైడితల్లి, అప్పుడు రెహానా కుర్చీలో కూర్చుంది. రెహానా అన్నం పెట్టడానికి లేచింది మరి. గవ్వలు విసిరి, గడులు వేలితో లెక్కపెట్టి, నావైపు చూసింది.

"సంపీమంటావా అమ్మా?"

"నీ ఇష్టం, తల్లీ. ఎవరి ఓటు వాళ్ళది."

గడులు ఇంకోసారి లెక్కపెట్టింది. కొట్టింది.

ఈ రోజు నిజంగానే చాలా ఆనందంగా గడిచింది. రేపు పొద్దున అడుగు గోడలు గీకే వంతు మాదే. గీకం.